పాత బండి బాగుచేయించాలా, మార్చేయాలా? షెడ్డుకు వెళ్లే ముందు వేసుకోవాల్సిన లెక్క

"అన్నా, ఇంజన్‌కు పని పడ్డది. పద్నాలుగు పదిహేను వేలైతయ్. అంత పెట్టే బదులు ఇది అమ్మేసి కొత్తది తీస్కోరాదు?"

హైదరాబాద్ నాచారంలో మా మెకానిక్ ఈ మాట అన్న సాయంత్రమే, అందరిలాగే నేనూ ఫోన్‌లో కొత్త బండ్ల ధరలు చూడటం మొదలుపెట్టాను. అది మా నాన్న 2009లో కొన్న 100 సీసీ బండి, ఏపీ 29 నంబరు. పాత బండ్లు కొనే అతన్ని అడిగితే 9,000 ఇస్తానన్నాడు. తొమ్మిది వేల బండికి పద్నాలుగున్నర వేల రిపేరా అని ఇంట్లో ఒకటే నవ్వు. నిజానికి ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టడంలోనే పొరపాటుంది. 9,000 అనేది ఎవరో ముక్కూమొహం తెలియనివాడు మీ బండికి ఇచ్చే ధర. 14,500 అనేది మీరు ఇంకో రెండేళ్లు తిరగడానికి పెట్టే ఖర్చు. ఆ ఖర్చును పోల్చాల్సింది అదే రెండేళ్లు వేరే బండి మీద తిరిగితే ఎంతవుతుందో దాంతో.

నేను మెకానిక్‌ని కాదు. ఇంట్లో, చుట్టాల్లో కలిపి ఐదారు బండ్ల దగ్గర ఈ ప్రశ్న ఎదురైంది, రెండుసార్లు తప్పు నిర్ణయం తీసుకున్నాం కూడా. వాటి నుంచి నాకు అర్థమైంది ఒకటే. జనం ఇంజన్ పని అనగానే భయపడి బండి అమ్మేస్తారు, చాసిస్‌కి తుప్పు పట్టినా, ఆర్‌సీ గడువు అయిపోయినా పట్టించుకోకుండా నడిపేస్తారు. భయపడాల్సింది వీటికి. ఇంజన్‌ని మళ్లీ మళ్లీ కట్టించుకోవచ్చు. అందుకే కింద చెప్పిన వరసలోనే వెళ్లండి, ఇంజన్ దగ్గర మొదలుపెట్టకండి.

1. ముందు కాగితాలు

రూపాయి ఖర్చు లేని పని, పావుగంటలో అయిపోతుంది. బండి ఆర్‌సీ తీసి నాలుగు చూడండి.

ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంది? చనిపోయిన పెద్దాయన పేరు మీదే ఇంకా ఉంటే ముందు ఫారం 31తో వారసుల పేరుకు మార్పించాలి. మీరు ఎప్పుడో కొన్న సెకండ్ హ్యాండ్ బండి ఇంకా పాత ఓనర్ పేరు మీదే ఉండి ఆయన ఎక్కడున్నాడో తెలియకపోతే, ఆ బండి మీద పెద్ద ఖర్చు పెట్టకండి. నా సలహా అంతే, ఇందులో మొహమాటం లేదు.

గడువు ఎప్పటిదాకా ఉంది? సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఫారం 25తో ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, గడువుకు 60 రోజుల ముందు నుంచి అప్లై చేయొచ్చు. బైకు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 1,000 రూపాయలు. 20 ఏళ్లు దాటిన బైకుకు 2025 ఆగస్టు నోటిఫికేషన్‌తో అది 2,000 అయింది. గడువు దాటించేస్తే నెలకు 300 చొప్పున లేటు ఫీజు, దీనికి పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ వేరే. మొత్తం ఎంతవుతుందో స్లాట్ బుక్ చేసేటప్పుడు సైట్‌లోనే కనిపిస్తుంది, ఆ అంకె ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, తర్వాత లెక్కలో కావాలి. ఒక సంగతి: 15 ఏళ్లయితే బండి పడేయాల్సిందే అని చాలామంది అనుకుంటారు. పెట్రోలు బండికి 15 ఏళ్లు, డీజిల్‌కి పదేళ్లు అనే గొడవ ఢిల్లీ చుట్టుపక్కలది. మన దగ్గర కండిషన్ బాగుండి ఆర్టీఏ వాళ్లు చూసి సరే అంటే నడుపుకోవచ్చు.

పాత లోన్ తీరినా ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు అలాగే ఉందా? ఫారం 35, వాళ్లిచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి అది తీయించాలి. ఇక నాలుగోది చలాన్లు. నంబరు కొట్టి చూడండి. మా బావమరిది బండి మీద పదకొండు ఉన్నాయి, అన్నీ హెల్మెట్‌వే, అన్నీ ఉప్పల్ చౌరస్తావే.

కాగితాలు బాగుచేయలేని స్థితిలో ఉంటే ఇక్కడే ఆగి ఎనిమిదో పాయింట్‌కు వెళ్లిపోవచ్చు.

2. బండి కడిగించి, చాసిస్ చూడండి

ఆదివారం పొద్దున బండిని కడిగించండి, మురికి కింద ఏమీ కనపడదు. సీటు తీయండి, సైడ్ ప్యానెళ్లు తీయండి, ఫోన్ టార్చి పట్టుకుని కింద కూర్చోండి.

మూడు చోట్ల చూడాలి: హ్యాండిల్ కింద మెడ దగ్గర వెల్డింగ్ జాయింట్లు, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ చాసిస్‌లోకి బిగిసే చోటు, సెంటర్ స్టాండు తగిలించే చోటు. పైపైన ఎర్రగా ఉన్న తుప్పు అయితే గీకి రంగు వేస్తే సరిపోతుంది. పొరలు పొరలుగా ఊడుతుంటే, స్క్రూడ్రైవర్ పిడితో తడితే ఖంగుమనకుండా డొల్లగా మోగితే, అది లోపలి నుంచి తినేసిన తుప్పు. మెడ దగ్గర వెంట్రుకంత చీలిక కనిపించినా సరే, దాన్ని వెల్డింగ్ పెట్టించి నడుపుదాం అనే ఆలోచన మానుకోండి. హ్యాండిల్ ఊడిపోయేది షెడ్డులో కాదు, ఫ్లైఓవర్ మీద.

తర్వాత, ఎప్పుడైనా గట్టి యాక్సిడెంట్ అయిన బండైతే చాసిస్ వంగిందేమో చూడాలి. సెంటర్ స్టాండు వేసి, హ్యాండిల్ నిటారుగా పెట్టి, వెనక టైరుకు రెండువైపులా ఆనించి ముందు టైరు దాకా దారం లాగండి. ముందు టైరు ఆ రెండు దారాల మధ్య సమానంగా ఉండాలి. ఒకవైపుకు జరిగి ఉంటే ముందు చైన్ అడ్జస్టర్లు రెండువైపులా ఒకే గీత మీద ఉన్నాయో లేదో చూసుకుని, అవి సరిగ్గా ఉన్నా తేడా వస్తే అప్పుడు అనుమానపడండి.

చాసిస్ నంబరు చదవడానికి వస్తోందో లేదో కూడా ఇప్పుడే చూసేయండి. రెన్యువల్‌కు వెళ్తే ఆర్టీఏలో మొదట చూసేది అదే. తుప్పు మీద ఇసుక కాగితం పెట్టి గట్టిగా రుద్దకండి, అంకెలు పోతాయి. కొంచెం డీజిల్ పూసి గుడ్డతో తుడిస్తే చాలు.

3. ఇప్పుడు ఇంజన్: ఏ స్థాయి పని?

"ఇంజన్ పని" అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు పనులుంటాయి, మూడింటి ఖర్చుకూ పొంతన ఉండదు. పైన హెడ్ పని (వాల్వులు, వాల్వు సీళ్లు, టైమింగ్ చైన్). మధ్యలో బ్లాక్ పని (పిస్టన్, రింగులు, పిస్టన్ ఆడే గొట్టం అంటే బోరు). అడుగున క్రాంక్ (పిస్టన్ కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు), గేర్‌బాక్స్ పని, దానికైతే ఇంజన్ మొత్తం దింపి రెండు ముక్కలు చేయాలి. మెకానిక్ ఏ పని గురించి మాట్లాడుతున్నాడో మీకు తెలియకపోతే ఆయన చెప్పిన రేటు ఎక్కువో తక్కువో కూడా తెలియదు.

రాత్రంతా చల్లబడిన బండిని పొద్దున స్టార్ట్ చేసి వెనక నిలబడండి. స్టార్ట్ అవ్వగానే బుస్సున నీలంగా పొగ వచ్చి ఒకటి రెండు నిమిషాల్లో ఆగిపోతే, చాలావరకు వాల్వు సీళ్లు గట్టిపడ్డాయని. రాత్రి ఆయిల్ మెల్లగా కిందికి కారి పొద్దున కాలుతుంది. ఇది చిన్న పని. బండి వేడెక్కాక కూడా, ఎక్స్‌లేటర్ ఇచ్చినప్పుడల్లా నీలం పొగ వస్తుంటే రింగులు, బోరు అరిగినట్టు. నల్లటి పొగ అయితే అసలు ఇంజన్ లోపల చూడక్కర్లేదు, పెట్రోలు ఎక్కువ పోతోంది, ముందు ఎయిర్ ఫిల్టరు, కార్బురేటరు చూపించండి. చలికాలం పొద్దున్నే వచ్చే తెల్లటి ఆవిరికి భయపడకండి.

దీన్ని నిర్ధారించుకోవడానికి పాత ఉస్తాద్‌లు చేసే పరీక్ష ఒకటుంది. కిక్కు మెత్తగా పడుతోంటే, స్పార్క్ ప్లగ్ విప్పి ఆ రంధ్రంలోంచి ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి, ప్లగ్ బిగించి మళ్లీ కిక్కు కొట్టిచూడాలి. కిక్కు గట్టిపడితే రింగులు అరిగాయని, ఏ తేడా లేకపోతే వాల్వుల దగ్గర లీకు ఉందని అర్థం. మీ ముందు చేయమని అడగండి. విసుక్కునే మెకానిక్ అయితే మెకానిక్‌నే మార్చండి.

చప్పుళ్లు: పైనుంచి టిక్కుటిక్కుమంటే టాపెట్లు, అంటే వాల్వుల దగ్గర ఖాళీ సర్దాలి, అది అరగంట పని. పక్కనుంచి గలగలమంటే టైమింగ్ చైన్. కింద నుంచి, లోడు మీద, సుత్తితో కొట్టినట్టు దడదడమంటే మాత్రం కనెక్టింగ్ రాడ్డు బేరింగు అయి ఉండొచ్చు, అది క్రాంక్ పని. గేర్లు పడ్డాక వాటంతటవే ఊడి న్యూట్రల్‌కు వచ్చేస్తుంటే అదీ అడుగు పనే. ఎక్స్‌లేటర్ ఇస్తే ఇంజన్ అరుస్తుంది గానీ బండి లాగట్లేదంటే కంగారొద్దు, క్లచ్ ప్లేట్లు అయిపోయాయి, అంతే.

ఆయిల్ ఎంత తాగుతోందో కూడా కొలవండి. లెవెల్ గుర్తుదాకా నింపి, 500 కిలోమీటర్లు తిరిగి, మళ్లీ అదే లెవెల్‌కు రావడానికి ఎంత పోయాల్సి వచ్చిందో చూడండి. 100 సీసీ ఇంజన్‌లో పట్టేదే లీటరుకు అటూఇటూ. అందులో 200 మిల్లీలీటర్లు మాయమైతే, కింద లీకు కూడా లేకపోతే, బోరు పని ఖాయం.

బోరు పని అంటే బ్లాకును లేత్ వర్క్స్‌కి పంపి కొంచెం పెద్దది చేయించి, దానికి సరిపడా ఓవర్‌సైజ్ పిస్టన్ వేయడం. చాలా కంపెనీల్లో 0.25 మిల్లీమీటర్లు, 0.50, 0.75, 1.00 అని వరసగా సైజులు ఉంటాయి. మీ బండికి ఇదివరకు బోరు ఎన్నిసార్లు అయిందో కనుక్కోండి. మొదటిసారి అయితే బ్లాకుకి ఇంకా ఆయుష్షు ఉంది. చివరి సైజు కూడా అయిపోయి ఉంటే కొత్త బ్లాకు కొనాలి, ఎస్టిమేట్‌లో అది రాశాడో లేదో చూడండి.

4. ఎస్టిమేట్‌ను మూడు కుప్పలు చేయండి

నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది ఈ పనే. మెకానిక్‌తో మొత్తం అంకె మాత్రమే చెప్పించుకోకుండా, ఏ పార్టుకి ఎంత, లేబర్ ఎంత అని చీటీ రాయించుకోండి. ఇద్దరి దగ్గర. మా బండి చీటీ ఇలా ఉంది: రెండు టైర్లు 3,600, బ్యాటరీ 1,300, చైన్ స్ప్రాకెట్ 1,100, బోరు-పిస్టన్-వాల్వు సీళ్లు లేబర్‌తో కలిపి 5,500, హ్యాండిల్ కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) 700, ముందు షాకుల ఆయిల్ సీళ్లు 600, సీటు కవరు, టాంకు రంగు 1,700.

మొదటి కుప్ప, అరిగే సామాను. టైర్లు, బ్యాటరీ, చైన్ అంటే మా చీటీలో 6,000. కొత్త బండైనా రెండు మూడేళ్లకో నాలుగేళ్లకో వీటిని మార్చాల్సిందే, అది పాత బండి తప్పు కాదు. రెండో కుప్ప నిజంగా చెడిపోయినవి, 6,800. మూడోది ముచ్చట, 1,700. అంటే పద్నాలుగున్నర వేల "ఇంజన్ ఖర్చు"లో అసలు జబ్బు ఆరు వేల ఎనిమిది వందలే. ముచ్చట తీసేస్తే మిగిలేది 12,800. నాన్న మాత్రం రంగు వేయిస్తే గానీ ఒప్పుకోనన్నారు, అది వేరే కథ.

మొదటి కుప్పలో కూడా గుడ్డిగా ఒప్పుకోవద్దు. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. గాడి ఉంది కదా అని పదేళ్ల టైరు ఉంచకండి, పక్కలు పగిలి ఉంటాయి. అలాగే ముందు షాకుల రాడ్లకు గుంటలు పడి తుప్పు కనిపిస్తుంటే కొత్త సీలు వేసినా నెలలోనే చిరిగి మళ్లీ ఆయిల్ కారుతుంది. ఆ 600 దండగ. రాడ్డే మార్చాలి.

5. పార్టులు దొరుకుతాయా?

స్ప్లెండర్, ప్లాటినా, షైన్, పల్సర్ లాంటి రోడ్డు నిండా తిరిగే బండ్లయితే ఈ ప్రశ్నే లేదు. కోఠి దగ్గర పుత్లీబౌలి, జాంబాగ్ వైపు గానీ రాణిగంజ్‌లో గానీ అడిగితే పిస్టన్ కిట్టు దగ్గర్నుంచి వైరింగ్ కిట్టు దాకా దొరుకుతుంది. ఒరిజినల్ వేరు, లోకల్ వేరు. పిస్టన్, బేరింగులు, బ్రేకు షూలు ఒరిజినలే తీసుకోండి. సైడ్ స్టాండు, ఫుట్‌రెస్టు రబ్బరు లాంటివి లోకల్ అయినా పర్వాలేదు. ఉత్పత్తి ఆగిపోయిన మోడల్ అయితే మాత్రం చీటీ మీద ఉన్న ప్రతి పార్టు పేరు పట్టుకుని మార్కెట్‌లో ఒక చుట్టు తిరిగి రండి, దొరికిందని కళ్లతో చూశాకే ఇంజన్ విప్పించండి. ఇంజన్ విప్పేసి, ఒక్క పార్టు కోసం రెండు నెలలు గోనెసంచిలో పడున్న బండిని మా వీధిలోనే చూశాను.

1996లో ఆగిపోయిన ఆర్‌ఎక్స్ 100 లాంటి మోజు బండ్లకు ఈ లెక్కలేవీ పనిచేయవు. అది డబ్బు వ్యవహారం కాదు, దాన్ని ఆ లెక్కన కొలవకండి.

ఇంకో విచిత్రం. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) బండ్లు ఎక్కువగా ఫ్యూయల్ ఇంజెక్షన్‌వి, వాటిలో కార్బురేటరు ఉండదు. ఫ్యూయల్ పంపు, ఇంజెక్టరు, ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే చిన్న కంప్యూటరు), సెన్సర్లు ఉంటాయి, తప్పు ఎక్కడుందో కనిపెట్టడానికి స్కానరు కావాలి. అందుకే ఎలక్ట్రానిక్స్ పోయిన ఐదారేళ్ల బండి రిపేరు, పదిహేనేళ్ల కార్బురేటరు బండి రిపేరు కన్నా ఎక్కువ కావచ్చు. పాత కార్బురేటరు బండ్లకు ఉన్న చిక్కు వేరు. ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు వాటి రబ్బరు పైపులు, గ్యాస్కెట్లు తయారు చేసినవి కావు. ఇథనాల్ నీటిని పీలుస్తుంది కూడా. ఎలాగూ పని చేయిస్తున్నారు కాబట్టి పెట్రోలు పైపు, కార్బురేటరు కిట్టు మార్పించేయండి. బండిని నెలల తరబడి టాంకు నిండా పెట్రోలుతో పక్కన పెట్టకండి.

6. నెలకు ఎంత పడుతోందో తీయండి

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. రెండు వైపులా "నెలకు ఇంత" అనే అంకె తీస్తే గానీ పోలిక కుదరదు.

పాత బండి: అమ్మితే వచ్చే 9,000 వదులుకుంటున్నాను కాబట్టి అదీ ఖర్చే. దానికి రిపేరు 12,800 కలిపితే 21,800. రెండేళ్ల తర్వాత అమ్మితే 6,000 వస్తుందనుకుంటే మిగిలేది 15,800, దాన్ని 24 నెలలకు పంచితే సుమారు 660. సర్వీసు, ఇన్సూరెన్సు, చిల్లర రిపేర్లకు నెలకు 500 వేశాను. మొత్తం 1,160. మీది రెన్యువల్ టైమ్‌కు వచ్చిన బండైతే మొదటి పాయింట్‌లో రాసుకున్న ఆ అంకె కూడా ఇందులో పంచాలి, అది ఐదేళ్లకు కాబట్టి 60తో భాగించండి.

కొత్త బండి: రోడ్డు మీదకు వచ్చేసరికి 1,05,000, ఐదేళ్ల తర్వాత 45,000కు పోతుందనుకుంటే నెలకు 1,000. 90,000 లోను 12 శాతం తగ్గే వడ్డీ మీద మూడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ 2,989, వడ్డీ మొత్తం 17,600 దాకా, ఐదేళ్లకు పంచితే నెలకు 293. సర్వీసు, ఇన్సూరెన్సు 400. మొత్తం సుమారు 1,690.

ఇప్పుడు పెట్రోలు. పని చేయించాక పాతది లీటరుకు 45, కొత్తది 60 ఇస్తుందనుకుందాం, లీటరు 107 రూపాయలు. నేను నాచారం నుంచి మాదాపూర్‌కి రోజూ వెళ్లొస్తే నెలకు 1,000 కిలోమీటర్లు. కొత్త బండి మీద దాదాపు ఐదున్నర లీటర్లు, అంటే 590 రూపాయల దాకా ఆదా. కొత్తది 1,690 నుంచి 1,100కు దిగింది, పాతది 1,160. సమానమైపోయాయి! అదే నెలకు 300 కిలోమీటర్లే తిరిగితే ఆదా 180 కూడా ఉండదు. కొత్తది 1,510 దగ్గర, పాతది 1,160 దగ్గర ఆగిపోతాయి. అంటే మా ఇంట్లో నాన్న ఆ బండి వాడితే బాగుచేయించడం లాభం, నేను వాడితే ఏదైనా ఒకటే. బండి అదే, చీటీ అదే, మనిషి మారాడంతే. మీ అంకెలు మీరు వేసుకోండి, నావి కాపీ కొట్టకండి. మైలేజీ కూడా కంపెనీ చెప్పింది కాకుండా టాంకు నింపి, తిరిగి, మళ్లీ నింపి మీరే కొలిచింది వేయండి.

రెండు జాగ్రత్తలు. నెలకు పడే ఖర్చు సమానమైనా జేబులోంచి పోయేది సమానం కాదు. కొత్త బండికి మూడేళ్లపాటు నెలనెలా మూడు వేలు కట్టాలి, పాతదానికి ఒకేసారి దాదాపు పదమూడు వేలు. రెండోది, షోరూములో "పది శాతమే సార్" అంటే అది ఫ్లాటా (చివరిదాకా మొదటి అప్పు మొత్తం మీదే వడ్డీ), తగ్గే వడ్డీనా (మిగిలిన అప్పు మీదే వడ్డీ) అని అడగండి. 90,000 మీద 10 శాతం ఫ్లాట్ అంటే మూడేళ్లకు 27,000 వడ్డీ, ఈఎంఐ 3,250. తగ్గే వడ్డీలో చెప్పాలంటే అది సుమారు 18 శాతం.

ఈ లెక్కలో రానిది ఒకటుంది: గత ఏడాదిలో బండి మిమ్మల్ని ఎన్నిసార్లు రోడ్డు మీద నిలబెట్టింది? ఫుడ్ డెలివరీ చేసే తమ్ముళ్లకు బండి ఆగిన రోజు సంపాదన సున్నా, పైగా మెకానిక్ ఖర్చు. వాళ్లు అలా పోయిన రోజుల సంపాదనను కూడా పాత బండి ఖాతాలో రాయాలి. రాస్తే చాలాసార్లు కొత్తదే గెలుస్తుంది. రాత్రి షిఫ్టు నుంచి ఒంటరిగా ఇంటికొచ్చేవాళ్ల లెక్క కూడా వేరే, ఆ టెన్షన్‌కు ధర కట్టడం నాకు చేతకాదు.

7. అవతలి వైపు కూడా సరిగ్గా చూడండి

కొత్త బండి ధర అడిగేటప్పుడు షోరూము ధర కాదు, లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్సు, యాక్సెసరీలు అన్నీ కలిపిన కాగితం అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా బైకుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత ధరలు మనసులో పెట్టుకుని సెకండ్ హ్యాండ్ బండికి రేటు చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు, బేరంలో ఈ మాట గుర్తుచేయండి. కొత్త బండితో పాటు ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి. మీ పేరు మీద ఇప్పటికే ఒక బండి ఉంటే రెండోదానికి లైఫ్ ట్యాక్సు అదనంగా పడుతుందేమో అడగండి, పడితే, పాతది తీసేసే ఉద్దేశం ఉంటే ముందు అది బదిలీ చేసి తర్వాత కొనండి.

ఎక్స్‌చేంజ్ బోనస్ అని ఊరిస్తారు. పాత బండికి విలువ ఎక్కువ చూపించి డిస్కౌంట్ మాయం చేస్తారు. ఎక్స్‌చేంజ్ లేకుండా ఆఖరు ధర ఎంత అని ముందు రాయించుకుని, తర్వాత పాత బండి మాట ఎత్తండి.

ఎలక్ట్రిక్ అయితే తెలంగాణలో 2026 డిసెంబరు 31 దాకా రోడ్ ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. అపార్ట్‌మెంటు సెల్లార్‌లో చార్జింగ్ పాయింటుకు అసోసియేషన్ ఒప్పుకుంటుందో లేదో అడిగాక అడ్వాన్సు కట్టండి.

సెకండ్ హ్యాండ్ తీసుకుంటే నీళ్లలో మునిగిన బండి కాదని చూసుకోండి. 2020 అక్టోబరు వానలకు సెల్లార్లలో నిలువునా మునిగిన బండ్లు నగరంలో చాలా ఉన్నాయి. సీటు కింద మూలల్లో ఎండిన బురద, హెడ్‌లైటు అద్దం లోపల చెమ్మ, వైరు కనెక్టర్ల మీద పచ్చటి పొర కనిపిస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి.

అన్నట్టు మూడో దారి కూడా ఉంది. నేను చివరికి చేసింది అదే. హబ్సిగూడ దాకా పాత బండి మీద వెళ్లి, అక్కడి నుంచి రాయదుర్గం వైపు మెట్రో. బండికి రోజుకు నాలుగైదు కిలోమీటర్లే పని. దాంతో కొత్తది కొనాలన్న తొందరే పోయింది.

8. తేల్చుకున్నాక

బాగుచేయించేట్టయితే: పని మొదలుపెట్టే ముందు ఒప్పుకున్న చీటీని ఫోటో తీసుకోండి. అదనంగా ఏది తగిలినా ఫోన్ చేసి అడిగాకే చేయాలని చెప్పండి. తీసేసిన పాత పార్టులన్నీ సంచిలో వేసి ఇమ్మనండి, మార్చారో లేదో తెలియడానికి అంతకన్నా మంచి ఉపాయం లేదు. వరస కూడా ముఖ్యం: ముందు బ్రేకులు, టైర్లు, కోన్ సెట్, తర్వాత ఇంజన్, డబ్బు మిగిలితే రంగు. డబ్బు తక్కువైతే ఇంజన్‌ని ఒక నెల ఆపొచ్చు, బ్రేకుల్ని ఆపకూడదు. బోరు అయ్యాక మొదటి 500 కిలోమీటర్లు ఎక్స్‌లేటర్ బిర్రుగా తిప్పకుండా, ఇద్దరు ముగ్గుర్ని ఎక్కించకుండా నడిపి, అప్పుడు ఆయిల్ మార్చేయండి. ఆ మొదటి ఆయిల్‌లో లోహపు పొడి ఉంటుంది.

అమ్మేట్టయితే, అమ్మే ముందు రిపేర్లు చేయించొద్దు. కడిగించి, బ్యాటరీ చార్జ్ చేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మండి. ఇంజన్‌కు పెట్టిన ఐదు వేలు అమ్మకం ధరలో తిరిగి రావు.

పేరు మార్పు మాత్రం వాయిదా వేయకండి. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి, డబ్బు తీసుకుని, తాళం ఇచ్చేసి మర్చిపోవడం మన దగ్గర మామూలే. 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, రికార్డులో ఎవరి పేరుంటే యాక్సిడెంటు కేసులో యజమాని వాళ్లే అని. కొన్నవాడు మలక్‌పేటలో ఎవరినైనా గుద్దితే నోటీసు నాచారంలో మీ ఇంటికొస్తుంది. ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30 పూర్తిగా నింపి, కొన్నవాడి ఆధార్ కాపీ తీసుకుని, కుదిరితే ఇద్దరూ కలిసి స్లాట్ రోజున ఆర్టీఏకి వెళ్లండి. చట్టం ప్రకారం అమ్మిన సంగతి మీరు 14 రోజుల్లో తెలియజేయాలి.

ఎవరూ కొనే స్థితిలో లేకపోతే పాత ఇనుము కొట్లో తూకానికి వేసేయకండి. ముక్కలైపోయినా ఆర్‌సీ మీ పేరు మీద బతికే ఉంటుంది, ఆ చాసిస్ నంబరుతోనో నంబరు ప్లేటుతోనో ఇంకెవరో ఏదో చేస్తే మీరు తిరగాలి. గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రంలో ఇస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు, దాంతో రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలి, కొత్త బండి కొనేటప్పుడు కూడా ఆ సర్టిఫికెట్ చూపించొచ్చు. ఇచ్చే ముందు చలాన్లన్నీ కట్టేసి, ఆ రసీదులు, రద్దు కాగితం, బండి అప్పగించేటప్పుడు తీసిన ఫోటో ఒకే కవరులో పెట్టి ఇంటి కాగితాలతో పాటు బీరువాలో పెట్టేయండి.